దెబ్బ లేని పెంపకం

1961లో నేను నెల్లూరు మూలాపేటలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటూ, మద్రాసు నుంచి వెలువడే ఒక స్త్రీల మాసపత్రికకు పిల్లల పెంపకం మీద వ్యాసాలు రాసేవాణ్ణి. బుచ్చిరెడ్డిపాలెం దగ్గర మాకుండిన పొలాలన్నీ మా నాన్నగారి కోర్టు వ్యాజ్యాల్లో కరిగిపోయాయి. గుమాస్తా పనికి అర్జీ పెట్టుకోవడం నా వల్ల కాలేదు. ఒకరి ముందు చేతులు కట్టుకుని నిలబడటం మా ఇంట ఎవరికీ అలవాటు లేదు. వ్యాసానికైతే ఎవరి ముందూ నిలబడనక్కరలేదు. కవరులో పెట్టి పంపితే చాలు.

దీన్ని ఫ్రీలాన్స్ అంటారు. జీతం ఉండదు. అచ్చయితే మనియార్డరు వస్తుంది, కాకపోతే మనమే స్టాంపులు అంటించి పంపిన కవరులో వ్యాసం తిరిగి వస్తుంది. మనియార్డరు ఫారానికి అడుగున కూపన్ అని ఒక ముక్క ఉంటుంది, పంపినవారు రెండు మాటలు రాయడానికి. మా సంపాదకుడు నా రాతల మీద తన తీర్పంతా ఆ ముక్కలోనే ఇరికించేవాడు.

నాకు పెళ్ళి కాలేదు. పిల్లలు లేరు. ఆ సంగతి సంపాదకుడికి తెలుసు. ఆయనకు కావలసింది నా పిల్లలు కాదు, నా వంశం. పెద్ద ఇంటి పెంపకం ఎలా ఉంటుందో పాఠకులకు చెప్పమన్నాడు. ఉగ్గు, నిద్ర, మర్యాద, అన్నీ రాశాక "దెబ్బ లేని పెంపకం" అని ఒకటి రాశాను. ఇంట్లోనే అయ్యవారి దగ్గర చదువుకున్న నా ఒంటి మీద ఏనాడూ దెబ్బ పడలేదనీ, బిడ్డను కొట్టకుండా దారిలో పెట్టడం మా నాన్నగారికి తెలుసుననీ అందులో ఉంది. ఉత్తరాలు చాలా వచ్చాయి. ఇక మా పిల్లల మీద చెయ్యి ఎత్తబోమని తల్లులు ఒట్టు పెట్టుకున్నారు. "నెలనెలా ఈ శీర్షిక ఇక మీదే" అని కూపన్ వచ్చింది.

ఆ నెలలోనే ఒక శనివారం మధ్యాహ్నం మా బండి తోలిన యాకోబు కొడుకు దావీదు వచ్చాడు. నా ఈడువాడే. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు, చంకలో ఆ పత్రిక. నేను చెప్పేలోగా కుర్చీలో కూర్చున్నాడు. అతను మా ముందు కుర్చీ ఎక్కడం అదే మొదలు.

"ఏం దావీదూ, ఇంత దూరం వచ్చినావు?"

"దొరవారిసత్రం మిషన్ బళ్ళో అయివోరుగా ఉండానయ్యా. మీరు రాసింది తల్లిదండ్రుల మీటింగులో చదవమని హెడ్మాస్టరు నా చేతికిచ్చినాడు. మూడు ముక్కలు చదివినా. ఆపైన పత్రిక మూసి పెట్టేసినా."

"అందులో తప్పేముంది?"

"తప్పని ఎవరన్నారు? మీ మీద దెబ్బ పళ్ళేదు, నిజమే. ఆ దెబ్బలన్నీ యాడికి పోయినాయో చెప్పలేదు, అంతే."

అవి ఎక్కడికి పోయాయో నాకు తెలుసు. నన్ను కొట్టకూడదని అయ్యవారికి మా నాన్నగారి ఆజ్ఞ. తప్పుకు శిక్ష లేకుండా పోకూడదన్నదీ ఆయన ఆజ్ఞే. అందుకని దావీదును నా పక్కన కూర్చోబెట్టేవారు. నాకు లెక్క తప్పితే చింతబరికె అతని వీపు మీద పడేది. అది చూసి నాకు సిగ్గు వస్తుందని, సిగ్గుతో చదువు వస్తుందని పెద్దల ఆలోచన.

"మీకు తప్పితే నాకు దెబ్బలని, గుసగుసగా మీకు అందించేదానికి మీకంటే ముందు నేనే ఎక్కాలు నేర్చుకున్నా" అని నవ్వాడు. "ఆ పుణ్యానే అయివోర్నయినా. మీకొక దండం బాకీ ఉండానేమో."

నేను నవ్వలేదు.

"పదమూడో ఎక్కం మీకు బాగా వచ్చు చిన్నయ్యా. ఒకరోజు తెలిసే తప్పు చెప్పినారు."

"గుర్తు లేదు" అన్నాను.

గుర్తుంది. ఆ ఉదయం అతను నాకంటే ముందు జవాబు చెప్పాడు. అయ్యవారు మెచ్చుకున్నారు.

"ఇప్పుడేం కావాలి నీకు?" అంటూ జేబులో చెయ్యి పెట్టాను.

"చెయ్యి తియ్యండయ్యా, దానికి రాలేదు. మీ వ్యాసం నా కొడుకు చదివినాడు. 'నాయనా, నువ్వుండింది ఆ ఇంట్లోనే గదా, ఆడ ఎవుర్నీ కొట్టరంట గదా, మరి నీ వీపు మీద ఆ చారలేంది?' అని అడిగినాడు. జరిగింది చెప్పినా. వాడు నమ్మలా. అచ్చులో ఉండేదే నిజమంటాడు. అందుకని అచ్చులోనే రాయండి. నా పేరు వద్దు. మీ ఇంట్లో జరిగిందని రాస్తే చాలు."

రాస్తానన్నాను. అతను నమ్మి రైలుకు వెళ్ళిపోయాడు.

రాశాను కూడా. పంపే ముందు సంపాదకుణ్ణి ఉత్తరంలో సలహా అడిగాను. "వేద్దాం. కానీ మీ ఇల్లని వద్దు. శీర్షిక నిలబడింది మీ వంశం మీద" అని ఆ నెల మనియార్డరు కూపన్ మీద జవాబు. అది చదివి బాధపడ్డానని చెబితే అబద్ధం. నింద మోయడానికి సంపాదకుడు దొరికాడని మనసు తేలికపడింది. "మా ఇంట్లో" అన్నచోటల్లా కొట్టేసి "పూర్వం ఒక సంపన్న గృహంలో" అని రాశాను. అచ్చయింది. చదివి ఏడ్చామని తల్లులు రాశారు. అటువంటి ఇంట పుట్టనందుకు మీరు అదృష్టవంతులని ఒకావిడ రాసింది.

పది రోజులకు దొరవారిసత్రం నుంచి పోస్టుకార్డు వచ్చింది. "చిన్నయ్య గారికి. వ్యాసం మా వాడికి చూపించినాను. ఇది వేరే ఇల్లు గదా నాయనా అన్నాడు. దావీదు."

జవాబు రాయలేదు. ఆ పేజీ మరో ఏడేళ్ళు రాశాను, దాని మీదే బతికాను. పెంపకం గురించి రాసి డబ్బు తీసుకునేవాడు తన చిన్నతనాన్ని సాక్ష్యానికి పిలిస్తే, ఆ గదిలో తన పక్కన కూర్చున్నవాణ్ణి కూడా పిలవాలి. అంత గుండె లేనివాడు జలుబు గురించీ, పళ్ళు రావడం గురించీ రాసుకోవాలి. నేను ఆ తరువాత రాసుకున్నవి అవే.

దావీదు కొడుకు పేరు నేను అడగలేదు. ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. తండ్రి అచ్చులో రాయమన్నాడు గనుక అచ్చులోనే చెబుతున్నాను: అబ్బాయీ, ఆ ఇల్లు మాదే. మీ నాయన నీకు అబద్ధం చెప్పలేదు.