మనోహరం కొత్త కంప్యూటరు

మా మనోహరానికి నత్తి. దాన్ని దాచి రాయడం నాకు చేతకాదు, అతనూ దాచుకోలేడు. మా తమ్ముడి కొడుకు, నాకు అల్లుడు కూడా. చిన్నప్పుడు పాలకొల్లు సండే స్కూల్లో వాక్యం అప్పజెప్పమంటే, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయి చొక్కా చెమటతో తడుపుకునేవాడు. మిగతా వాక్యం నేను అందించేదాన్ని. నేను చదివింది మూడో తరగతే గానీ వాక్యాలు నాకు నోటికి వచ్చు. ఆ మాట ఎవరి ముందైనా చెప్తాను. అప్పటినుంచీ అతను మొదలుపెట్టిన మాట నేను పూర్తిచేయడం మా ఇంట్లో అలవాటైపోయింది.

పెద్దయ్యాక చర్చికి రావడమే మానేశాడు. నలుగురిలో నిలబెట్టి ప్రార్థన చెయ్యమంటారని భయం. ఆ రోజుల్లో ఒక ప్రెస్సులో శుభలేఖలు కొడుతూ తెలుగు టైపింగు నేర్చాడు. మా అమ్మాయి అబిగైలుతో అతనికి పెళ్లయి, దానికి మస్కట్‌లో నర్సు ఉద్యోగం వచ్చాక అతనూ వచ్చి ఆస్పత్రి రికార్డుల్లో చేరాడు. పిల్లల్ని చూసుకోవడానికి వచ్చిన నేను దార్సైట్ పేటలో వాళ్ల ఫ్లాటులోనే ఉండిపోయాను.

అతన్ని మళ్లీ చర్చికి తెచ్చింది కంప్యూటరే. మస్కట్‌లోనే రువి బజారు వైపు, అక్కడ సెలవు రోజని శుక్రవారాలు మా తెలుగు ఆరాధన జరుగుతుంది. పాటలన్నీ మనోహరమే టైపు చేసి గోడ మీది తెరకు వేసేవాడు. పుస్తకంలో అక్షరం ఆనని నాలాంటివాళ్లకు ఆ తెరే పుస్తకం. వెనక మూలన కూర్చుని, పాడేవాళ్ల కంటే రవ్వంత ముందుగా చరణం మార్చేవాడు. అంతమంది అతని వెంట నడిచే చోటు ప్రపంచం మొత్తం మీద అదొక్కటే.

రెండువేల పదిహేను నవంబరులో ఆ పాత కంప్యూటరు పాట మధ్యలో బిగుసుకుపోయింది. ఆపి మళ్లీ వేస్తే అది లేచేసరికి పాటా అయిపోయింది, ప్రార్థనా అయిపోయింది. సంఘపెద్ద నతానియేలు అందరి ముందూ అన్నాడు.

"మనోహరం, నీ డబ్బాకి నీకన్నా ఎక్కువ నత్తి వచ్చిందయ్యా."

నవ్వారు. దేవుడి ఇంట్లోనే నవ్వారు.

"నతానియేలు గారూ, పోయిన వారం మీ ప్రార్థన ఎక్కడా ఆగకపోబట్టే కదండీ బిర్యానీ చల్లారిపోయింది" అన్నాను. ఆయన నవ్వు మూతి మీదే ఎండిపోయింది గానీ అనవలసింది అనే వెళ్లాడు. "క్రిస్మస్‌కి ఇలాగైతే కుదరదమ్మా. మళ్లీ ఆగిందంటే ఈ పని కాలేబుకి ఇచ్చేద్దాం. కుర్రాడు, కొత్త లాప్‌టాప్ ఉంది."

ఇంటికి వచ్చేదాకా మనోహరం రోడ్డు మీంచి చూపు తిప్పకుండా కారు నడిపాడు. ఆ మొహం నాకు తెలుసు. పాలకొల్లులో చర్చి మానేసిన ఆదివారం కూడా ఇలాగే ఉన్నాడు. ఆ మూల పోతే ఈ మనిషి మళ్లీ తలుపేసుకుంటాడని నాకు తెలుసు.

మర్నాడే రువిలో ఖాదర్‌వలి దుకాణంలో కొత్త కంప్యూటరు కొన్నాడు. ఖాదర్‌వలిది రాయచోటి. డబ్బా అప్పగిస్తూ అతనొక అనుమానపు పురుగును వదిలాడు.

"సార్, ఇందులో ఉండేది తిరిగే డిస్కు. నిదానంగా లేస్తాది. ఎస్ఎస్‌డీ అని చిన్న బిళ్ల ఉంటాది. అది ఏసి విండోస్ దాని మీదికి ఎక్కిస్తే, మీట నొక్కి కన్ను ఆర్పేలోగా తెర వచ్చేస్తాది. కాకపోతే డబ్బా ఇప్పాల. సీలు తెగితే కంపెనీవాళ్లు వారంటీ ఇయ్యరు."

ఆలోచించుకుంటానని చెప్పి మనోహరం డబ్బా ఇంటికి తెచ్చాడు. అదిగో, అక్కడినుంచి మా ఇంట్లో అన్నం సయించలేదు. డ్యూటీ నుంచి రావడం, మీట నొక్కడం, తెర మీద చుక్కలు గిరగిరా తిరుగుతుంటే దాని ముందు చేతులు కట్టుకు కూర్చోవడం. ఆపడం, మళ్లీ నొక్కడం. చుక్కలు తిరిగినంతసేపూ అతని పెదాలు ఒణికేవి. మాట దగ్గర ఆగిపోయినప్పుడు ఎలా ఒణుకుతాయో అలాగే.

"వి... విప్పిస్తే పాడవుతుందేమో అత్తా. విప్పించకపోతే ఆ... ఆ..."

"ఆగుతుందేమో. అంతేగా?"

అబిగైలు పళ్లెం సర్దుతూ అంది. "కొన్న వారానికే పొట్ట కోయించడమేంటండీ? మా వార్డులో కూడా జబ్బేంటో చూశాకే కోస్తారు."

"జబ్బు బయటపడేది క్రిస్మస్ రోజు, సంఘం ముందు" అన్నాను. అది విని మనోహరం ముద్ద వదిలేశాడు. నా నోటికి నిదానం లేదని అబిగైలు కళ్లతోనే చెప్పింది.

ఆస్పత్రిలో తెలిసినవాళ్లందర్నీ అడిగాడు. ఒకరు వేయించమన్నారు, ఇంకొకరు వద్దన్నారు. రెండుసార్లు డబ్బా దుప్పట్లో చుట్టి రువి దాకా వెళ్లి, దుకాణం మెట్టెక్కకుండానే తిరిగొచ్చాడు. మూడోసారి క్రిస్మస్‌కి ముందు బుధవారం. నేనూ కారెక్కాను.

"ఏం సార్, ఏసేద్దామా?" అన్నాడు ఖాదర్‌వలి.

"వే... వేయండి. గా... గానీ..."

"వేసెయ్యి నాయనా. ఇంకెన్నాళ్లు మోస్తాం దీన్ని" అన్నాను.

సీలు తెగిన చప్పుడుకి మనోహరం కళ్లు మూసుకున్నాడు. బిళ్ల లోపలికి వెళ్లింది, డబ్బా మూత పడింది. మీట నొక్కితే నిజంగానే కన్ను ఆర్పేలోగా తెర వచ్చింది. వెంట తెచ్చిన పాత కంప్యూటర్లోంచి పాటల ఫైళ్లన్నీ ఎక్కించారు. పదిమంది తిరిగే దుకాణంలో మన చర్చి పాటలు తెర మీద పెట్టడానికి జంకి, మనోహరం ఒక్కటీ తెరిచి చూడలేదు. పాతది ఇక మనకెందుకని అక్కడే వదిలేసి వచ్చాం.

ఆ ఏడు క్రిస్మస్ శుక్రవారమే వచ్చింది. గురువారం సాయంత్రం మనోహరం మొదటి పాట తెరిచాడు. తెర మీద తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కొక్కేలు, చీమలు చెల్లాచెదురైనట్టు. ఇంకో పాట తెరిచాడు. అదీ అంతే. ఏది తెరిచినా అంతే.

"పాటలు వచ్చాయి అత్తా" అన్నాడు. "అ... అక్షరాలు రాలేదు."

ప్రెస్సులో నేర్చిన తెలుగు అక్షరాలు విడిగా ఉంటాయట. అవి పాత కంప్యూటరు డిస్కులో ఉండిపోయాయి. ఫైళ్లు తెచ్చాం, వాటిని తెలుగులో చూపించేవాటిని వదిలేశాం. ఆ ప్రెస్సు మూతపడి ఏళ్లయింది. ఖాదర్‌వలి పాత కంప్యూటర్లలో ఉన్నదంతా తుడిచేసి అమ్ముకుంటాడని మాకు తెలుసు. ఫోను చేస్తే ఎత్తలేదు.

రువి చేరేసరికి దుకాణం షట్టరు దించి ఉంది. పొద్దుగూకే వేళ చేసే మగ్రిబ్ నమాజుకి వెళ్లినట్టున్నాడు. మనోహరం షట్టరు సందులోంచి లోపలికి చూశాడు. పాత డబ్బా పెట్టిన బల్ల ఖాళీగా ఉంది.

"లేదు" అన్నాడు. ఆ ఒక్క మాటకీ నత్తి రాలేదు.

ప్రార్థన చేద్దామనుకున్నాను, ఒక్క వాక్యం గుర్తు రాలేదు. నోటికి వచ్చునని గొప్పలు చెప్పుకునే నాకు. రేపు కాలేబు ఆ మూలన కూర్చుంటాడు, ఈ మనిషి ఇంట్లో కూర్చుంటాడు. అదొక్కటే కళ్ల ముందు తిరిగింది.

ఖాదర్‌వలి టోపీ సర్దుకుంటూ వచ్చి షట్టరు ఎత్తాడు. "ఏం పెద్దమ్మా, ఈ యాళప్పుడు?"

"మా పాత డబ్బా ఏది నాయనా?"

"పొద్దునే ఒకాయన తీస్కపాయ. దాంట్లో డిస్కు మాత్రం ఈడే ఉంది. ఇదో, తుడిచేద్దామని తగిలించి నమాజుకి పోయినా." లోపలి కంప్యూటరు ముందు కూర్చుని మౌసు మీద చెయ్యి వేశాడు.

"ఆగు, ఆగు. మా పాటలు అందులో..."

"పాటలన్నీ ఇచ్చినా కదా పెద్దమ్మా. సార్ లెక్క పెట్టుకున్నాడు గూడా." వేలు కదిలింది.

ఏం కావాలో దాని పేరేమిటో నాకు తెలియదు. ఇన్నేళ్లలో మొదటిసారి, మనోహరం మాటని పూర్తిచేయడానికి నా దగ్గర మాట లేదు. అతని వైపు చూశాను. "ఫా... ఫా..." దగ్గర ఇరుక్కుపోయి మెడ నరాలు ఉబ్బాయి. ఖాదర్‌వలి తెర వైపే చూస్తున్నాడు. మనోహరం ఆ మాటను వదిలేశాడు. ఊపిరి తీసుకుని ఇంకో దారిన వచ్చాడు.

"తె... తెలుగు అక్షరాలు అందులోనే ఉన్నాయి. తుడవొద్దు ఖాదర్ గారూ."

ఖాదర్‌వలి చెయ్యి ఎత్తేశాడు. "ఫాంట్లా సార్? నిన్ననే చెప్పింటే సరిపోయేది కదా."

మనోహరం నా వైపు చూడలేదు. నిన్న 'గానీ' తరవాత ఏముండేదో అతను చెప్పలేదు, నేనూ అడగలేదు.

మర్నాడు ఆరాధనలో తెర మీద తెలుగు ఉంది. మీట నొక్కితే కంప్యూటరు కన్ను ఆర్పేలోగా లేచింది. ఎక్కడా ఆగలేదు. అయినా మనోహరం చొక్కా వీపున తడిసే ఉంది, పాత డిస్కు రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకునే కూర్చున్నాడు. ఆరాధన అయ్యాక నతానియేలు వచ్చి, "భలే లేస్తుందే. ఏం వేయించావయ్యా దీంట్లో?" అన్నాడు.

నా నోరు తెరుచుకుంది. మూసుకున్నాను. మనోహరం మొదటి అక్షరం దగ్గర ఆగాడు. కాలేబు ఆగాడు, నతానియేలు ఆగాడు, అబిగైలు నా చెయ్యి పట్టుకుంది. ఆ మాట అతని నోటే వచ్చేదాకా నేనేమీ అందించలేదు.