మా అత్తమ్మ కాపాడిన హాజరు

మొన్న మా చెల్లెలి బిడ్డ ఫోన్ చేసి, హాజరు డెబ్బై ఐదు శాతానికి తగ్గితే స్కాలర్‌షిప్ ఆగిపోతదట పెద్దమ్మా అని బెంగపడితే, ఆ పిల్లకు ధైర్యం చెప్పి పెట్టేసిన గానీ, ఆ తర్వాత చాలాసేపు మా అత్తమ్మే కండ్ల ముందు మెదిలింది.

ఇంటరు కాంగనే నాకు పెళ్లయింది. హత్నూర దిక్కు మా అమ్మగారి ఊరి నుంచి లక్డారం కోడలిగా వచ్చిన. మా ఆయనకు కాజీపల్లిలో మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. నేను డిగ్రీ చదువుతానంటే ఆయన కాదనలేదు గానీ ఇంటి పెత్తనమంతా అత్తమ్మది. పొలం, బర్లు, వంట ఒక్కతే చూసుకునే మనిషి, కోడలొచ్చిందని జెర ఊపిరి పీల్చుకునేలోపే ఆ కోడలు సంగారెడ్డి బస్సెక్కుతానంటే ఎట్లుంటది? "సర్కారు పైసలిచ్చినన్ని రోజులు సదువు. ఆగిననాడు నువ్వూ ఆగాలె," అన్నది. ఒప్పుకున్న.

అట్ల స్కాలర్‌షిప్‌కు సర్కారు పెట్టిన నియమాలే మా ఇంటి నియమాలైనయి. హాజరు తగ్గొద్దు, పరీక్షలు తప్పి అదే సంవత్సరంలో నిలిచిపోవద్దు, నడుమ కోర్సు మారొద్దు, ఏటేటా మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలె. కాలేజీ గుమాస్తా చెప్పినవన్నీ పొయ్యికాడ కూసొని అత్తమ్మకు అప్పజెప్పేదాన్ని. సాయంత్రం గడపలో అడుగు పెట్టంగనే, ఇయ్యాల హాజరేసిండ్రా అని అడిగేది. మొదట్ల అది నా మీద అనుమానమే అనుకున్న. కానీ నాట్ల రోజుల్లో కూలీలు దొరక్క పరేషాన్ అయినా, కాలేజీ ఉన్ననాడు నన్ను పొలానికి రమ్మనలేదు.

రెండో సంవత్సరంలో కొడుకు పుట్టిండు. కాన్పుకు పుట్టింటికి పోయిన. మా దిక్కు బాలింత మూడు నెలలు దాటితే గానీ అత్తింటికి రాదు. అన్నాళ్లు ఆగితే హాజరు తగ్గుడు ఖాయం. ఇగ నా చదువు ముగిసినట్టే అని లోలోపల ఏడ్చుకుంటున్న. నెల దాటినంక ఒకనాడు పొద్దున్నే అత్తమ్మ ఆటో దిగి, నన్ను తీసుకపోతనన్నది.

మా అమ్మకు కోపమొచ్చింది. "పచ్చి బాలింత, వదినె. మీ ఇంట్ల పనికి గింత తొందరనా?"

"పనికి కాదు, కాలేజీకి. సర్కారు ఆపితే ఆపనీ, నా దిక్కుకెల్లి ఆగిందన్న మాట రావొద్దు. పిల్లగాన్ని నేను సూసుకుంట," అన్నది అత్తమ్మ.

అప్పటిదాకా తానే చూసుకున్న బర్లను మామయ్యకు అప్పజెప్పి, పిల్లగాన్ని చీర కొంగులో చుట్టుకొని, పరీక్షల దాకా రోజూ నాతో బస్సెక్కింది. నేను క్లాసులో ఉంటే ఆమె వరండాలో కూసునేది. గంట కొట్టంగనే నేనొచ్చి పాలిచ్చి పోయేదాన్ని. చూసి నవ్విన పోరగాళ్లూ ఉన్నరు, కుర్చీ తెచ్చి వేయించిన మేడమూ ఉన్నది. హాజరు సరిపోయింది, పరీక్షలూ గట్టెక్కిన. ఆ సంగతి చెప్తే, ఇంకో ఏడాది ఉన్నది గదా అని కొడవలి పట్టుకొని గడ్డికి పోయింది.

డిగ్రీ అయింది, ఆ తర్వాత టీచరు కొలువొచ్చింది, ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉంటున్న. ఇప్పటి కోడళ్లు చదువుకు ఎవరి ఒప్పుదలా అడగరు; అట్లనే ఉండాలె. అడిగి, మాట పడి, చదువుకున్న మా కాలం మళ్లీ రావాలని నేననను. అత్తమ్మ మనసు ఎన్నడు, ఎందుకు మారిందో ఒక్కసారి అడుగుదామనుకుంటూనే ఏండ్లు గడిపిన. ఇప్పుడు తీరిక ఉన్నది, అడుగుదామంటే ఆమె లేదు.