వెనక సీటాయన

మా బావగారిని వీధిలో అందరూ ‘వెనక సీటాయన’ అంటారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకుంటారు. కోపం వచ్చేది నాకే. అమ్మానాన్నలు పెట్టిన పేరు లక్షణంగా ఉండగా ఈ సీటు గోలేమిటని చాలామందితో పోట్లాడాను కూడా. అలా పోట్లాడినవాళ్లే మళ్లీ కార్లో ఏదో పాడైనప్పుడు వచ్చి, “వెనక సీటాయన ఉన్నారామ్మా?” అని అడిగేవారు. చివరికి నేనే సర్దుకున్నాను.

ఆయన మా ఆయనకి అన్నగారు. కార్లలో పాటలు పాడే సరంజామా అంతా బాగుచేస్తారు. మొదట్లో క్యాసెట్లట. టేపు లోపల చిక్కుకుని, జ్వరం వచ్చిన పిల్లాడి నాలికలా బయటికి వేలాడేదట. తర్వాత సీడీలు వచ్చాయి, పోయాయి. ఇప్పుడు ప్రతి కారులోనూ ఒక తెర. ఫోను దానికి కలిస్తే దారి చూపించే మ్యాపూ, పాటలూ, కాల్సూ అన్నీ ఆ తెర మీదికే వస్తాయి. కలవకపోతే కారు మా షాపుకి వస్తుంది. వైర్లూ, స్క్రూలూ బావగారి పని. ఫోన్లూ, వాటి సెట్టింగులూ నా పని. పెళ్లయిన కొత్తలో నన్ను ఊరికే కౌంటరు దగ్గర కూర్చోమన్నారు గానీ, ఊరికే కూర్చోవడం నా ఒంటికి పడదని మా అత్తగారు ముందే కనిపెట్టేశారు.

ఫోను ఎందుకు కలవదో నాకు కంఠతా వచ్చు. ఛార్జింగు పెట్టే చోట జేబులోని నూలు దుమ్ము పేరుకుపోతుంది. పుల్లతో తీస్తే చాలు. కేబులు లోపలెక్కడో తెగుతుంది, పైకి మాత్రం కొత్త పెళ్లికూతురిలా ఉంటుంది. బ్యాటరీ మిగుల్చుకుందామని ఫోను తనంతట తానే కునుకు తీస్తుంది. ఇంటిల్లిపాది ఫోన్లనీ కారు గుర్తుపెట్టుకుని, మొగుడు స్టీరింగు ముందు కూర్చుంటే మేడ మీదున్న పెళ్లాం ఫోనుని పట్టుకుంటుంది. ఆవిడ పుట్టింటివాళ్లతో మాట్లాడుతున్న మాటలన్నీ ఈయనకి కార్లో వినిపిస్తాయి. ఆ కాపురాల కథలు చెప్పడం మొదలెడితే ఇవాళ్టికి తెమలదు.

ఇవన్నీ నేను షాపు ముందే సరిచేసి, పాట వినిపించి పంపించేస్తాను. బావగారికి అది చాలదు. “షాపు ముందు పాడితే ఏం లాభం అమ్మాయ్? వాళ్లు కాపురం ఉండేది షాపు ముందా?” అంటారు. ఆయన పద్ధతి వేరు. కారు ఎవరిదో వాళ్లనే నడపమంటారు. రోజూ వెళ్లే దారిలోనే వెళ్లమంటారు. తను వెనక సీట్లో కూర్చుని నోటికి తాళం వేసుకుంటారు. ముందు సీటు ఖాళీగా ఉన్నా అక్కడ కూర్చోరు. ఎందుకని ఒకసారి అడిగాను.

“ముందు కూర్చుంటే నేను చుట్టాన్ని. నాకోసం మర్యాదగా నడుపుతారు, నాతో కబుర్లు చెబుతారు. వెనక కూర్చుంటే సంచిని. కాసేపటికి మర్చిపోతారు. అప్పుడు రోజూ ఏం చేస్తారో అదే చేస్తారు,” అన్నారు.

ఒక నర్సు ఫోను రోజూ ఒకే మలుపు దగ్గర తెగిపోయేది. నేను కేబులు మార్చాను, సెట్టింగులు మార్చాను, చివరికి అక్కడ సిగ్నలే లేదని శాస్త్రం కూడా చెప్పాను. బావగారు వెనక కూర్చుని ఒకసారి వెళ్లొచ్చారు. మలుపు తిరగ్గానే ఆవిడ నీళ్ల సీసా దొర్లుకుంటూ వచ్చి కేబులు మెడ మీద పడుతోందట. అంతే సంగతి. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట. బావగారు నన్ను ఒక్క మాట అనలేదు, కనీసం నవ్వలేదు. నాకు ఒళ్లు మండింది అందుకే.

ఇంకో మొండితనం కూడా ఉంది ఆయనకి. లేని తప్పు ఉందని చెప్పరు, ఉన్న తప్పు లేదని చెప్పరు. వచ్చినవాళ్ల మనసు తృప్తి కోసమైనా సరే, ఒక్క ముక్క అటూ ఇటూ చేయరు. వ్యాపారానికి ఇది పనికొచ్చే గుణం కాదని మా ఆయన ఎన్నోసార్లు చెప్పి చూశారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

అలాంటి మనిషికి ఒక పెద్దాయన వల్ల పెద్ద చిక్కే వచ్చిపడింది.

ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. నిటారైన మనిషి. కారు దిగగానే చుట్టూ తిరిగి నాలుగు టైర్లూ కాలితో తట్టి చూస్తే గానీ మనతో మాట్లాడరు. “మధ్యదారిలో మ్యాపు మాయమైపోతోందమ్మా. ఎక్కడికో వెళ్లిపోతున్నాను,” అన్నారు మొదటిసారి. అప్పుడు తప్పు నిజంగానే ఉంది. ఫోనులోంచి ఒక దిండుకి సరిపడా దూది తీశాను. మళ్లీ వచ్చారు. కేబులు వదులుగా ఉంది, మార్చాను. మూడోసారి వచ్చినప్పుడు నాకు వెతకడానికి ఏమీ మిగల్లేదు. ఆ మూడోసారి కూతుర్ని కూడా వెంటబెట్టుకొచ్చారు. నిజానికి ఆవిడే ఆయన్ని వెంటబెట్టుకొచ్చింది.

“అమ్మకి మోకాలి ఆపరేషనైంది,” అంది ఆ కూతురు, కూర్చోమన్నా కూర్చోకుండా. “కసరత్తు చేయించడానికి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పోయిన వారం నాన్న అమ్మని ఎక్కించుకుని పొద్దుటినుంచీ తిరుగుతూనే ఉన్నారు. ఆస్పత్రికీ చేరలేదు, ఇంటికీ చేరలేదు. ఫోనెత్తరు. అమ్మ ఏడుస్తూ కూర్చుందట. ఇంకొక్కసారి ఇలా జరిగితే తాళం నేను లాగేసుకుంటాను.”

“ఫోను తెగిపోతే నేనేం చెయ్యనే?” అన్నారు పెద్దాయన. తర్వాత బావగారి వైపు తిరిగారు. “బాబూ, నువ్వు వెనక కూర్చుని చూస్తావటగా. చూసి మా అమ్మాయికి ఒక్క మాట చెప్పు. తప్పు నాది కాదు, ఫోనుదని. జీవితమంతా స్టీరింగు పట్టుకున్నవాణ్ణి. తాళం లాక్కుంటే నేనింక ఎందుకూ?”

కూతురి మీద నాకు కోపం వచ్చింది. నలుగురిలో కన్నతండ్రిని అలా అనొచ్చా? ఆ పెద్దాయన తరఫున ఎలాగైనా గెలవాలని నేను మనసులో నడుం బిగించాను. ఫోను నా శాఖే కాబట్టి నేనూ వస్తానన్నాను. ఆ రోజు వెనక సీట్లో రెండు సంచులు.

కూతుర్ని ఇంటి దగ్గర దింపాం. మధ్యాహ్నం మళ్లీ ఆస్పత్రికి వెళ్లాలి కాబట్టి తల్లి అప్పటికే తయారై, ఒళ్లో సంచి పెట్టుకుని వరండాలో కూర్చుని ఉంది. ముందు ఆవిడ లేకుండా ఒకసారి వెళ్లి చూసొద్దామని పెద్దాయన ఫోను తగిలించారు, తెర మీద మ్యాపు వచ్చింది, కారు ఆస్పత్రి వైపు కదిలింది.

ఆయన నడపడం చూసి తీరాలి. గతుకులొచ్చినా కడుపులో చల్ల కదలదు. మ్యాపులోని గొంతు కుడి అంటే కుడి, ఎడమ అంటే ఎడమ. మధ్యమధ్యలో పాత కండక్టరు గురించీ, కిక్కిరిసిన బస్సులో పురుడొచ్చిన ఒకావిడ గురించీ చెప్పారు. కాసేపటికి మాట్లాడటం మానేశారు. మేం ఉన్నామని మర్చిపోయారని నాకు తెలిసింది. బావగారు కదలకుండా కూర్చున్నారు.

పెట్రోలు బంకు దగ్గర పెద్ద కూడలి. మ్యాపు కుడివైపు తిరగమంది. ఆయన అద్దంలో చూసుకున్నారు, ఇండికేటరు వేశారు, ఏ తడబాటూ లేకుండా ఎడమకి తిప్పారు. నేను తెర వంక చూశాను. మ్యాపు చెక్కుచెదరలేదు. బాణం గుర్తు వెలుగుతోంది. “వీలైన చోట వెనక్కి తిరగండి,” అని ఆ గొంతు చెబుతూనే ఉంది. ఆయనకి వినిపిస్తున్నట్టు లేదు. నేను ముందుకి వంగి చెప్పబోయాను. బావగారు వద్దని తల అడ్డంగా ఊపారు.

దారి ఇరుకైంది. ఒక మలుపు దగ్గర ఆయన చిన్న కారుని బస్సులా వెడల్పుగా తిప్పారు. ఆ తర్వాత ఒక పెద్ద ఇనప గేటు ముందు గీత గీసినట్టు ఆపి, హ్యాండ్ బ్రేకు వేశారు. గేటుకి తుప్పు పట్టిన గొలుసు. లోపల నడుమెత్తు గడ్డి, దాని మధ్య చక్రాల్లేని ఒక బస్సు. మూసేసిన పాత డిపో.

ఆయన కాసేపు గేటు వైపు చూశారు, ఎవరో వచ్చి తీస్తారన్నట్టు. తర్వాత మెల్లగా అటూ ఇటూ చూశారు. అద్దంలో ఆయన కళ్లు కనిపించాయి. పరాయి ఇంట్లో నిద్రలేచిన పసివాడి కళ్లు. చివరికి ఆయన తెర వంక చూసి, “చూశావా బాబూ, మళ్లీ పోయింది,” అన్నారు.

తెర మీద మ్యాపు దీపంలా వెలుగుతోంది.

అవునని అనేస్తే ఏం పోయిందని నాకనిపించింది. ఒక్క అబద్ధం. ఆయన పరువు దక్కుతుంది, తాళం దక్కుతుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఫోనుని తిట్టేవాళ్లని రోజూ చూస్తాం, నవ్వుకుంటాం. ఈయన అలా తిట్టడం లేదు. నిజంగానే మద్దెల మోగలేదనుకుంటున్నారు. ఒళ్లో సంచితో వరండాలో కూర్చున్న ఆవిడ గుర్తొచ్చి, ఆ అవును నా గొంతులోనే ఉండిపోయింది.

బావగారు తలుపు తీసుకుని దిగారు. చుట్టూ తిరిగి వెళ్లి, ముందు తలుపు తీసి, పెద్దాయన పక్కన కూర్చున్నారు. నేను ఈ ఇంటికి వచ్చాక ఆయన ముందు సీట్లో కూర్చోగా చూడటం అదే మొదలు.

“ఫోను పోలేదండీ,” అన్నారు మెల్లగా.

“నువ్వు సరిగ్గా చూసుండవు.”

“చూశానండీ. బంకు దగ్గర అది కుడికి చెప్పింది. మీరు ఎడమకి తిప్పారు.”

“కుడికెందుకు? బండి డిపోలో పెట్టాలిగా…” అని ఆగిపోయారు. తన మాట తనకే వినిపించింది. చేతులు స్టీరింగు మీదనుంచి జారి ఒళ్లో పడ్డాయి.

వెనక్కి తిరగమని మ్యాపు మళ్లీ చెప్పబోతే నేను ముందుకి వంగి దాని గొంతు తగ్గించేశాను.

“మొన్న మా ఆవిడ అడుగుతూనే ఉంది, ఎక్కడికండీ, ఎక్కడికండీ అని,” అన్నారు పెద్దాయన. “ఫోను పోయిందే అన్నాను. నిజంగానే పోయిందనుకున్నాను బాబూ. నేను అబద్ధమాడలేదు.”

“నాకు తెలుసండీ.”

“మా అమ్మాయికి చెప్పేస్తావా?”

“ఫోను గురించి అడిగితే బాగుందని చెబుతాను. నా పని అంతవరకే. మిగతాది మీరు చెప్పాలి, డాక్టరుకి చూపించుకోవాలి. మందులున్నాయో లేవో నాకు తెలీదు. అమ్మగారు మీ పక్కన కూర్చుంటారు కదా, అందుకని చెబుతున్నాను. లేకపోతే నాకూ నోరు రాదు.”

పెద్దాయన ముక్కు తుడుచుకుని ఇంజను ఆపేశారు. తాళం తీసి వెనక్కి చాపారు. “నీకు నడపడం వచ్చామ్మా?”

వచ్చన్నాను. ఆయన నా చోట్లో వెనక కూర్చున్నారు. మలుపు తిరిగేదాకా ఆ గేటునే చూస్తూ ఉన్నారు. స్టీరింగు ముందు కూర్చుని నేను ఏడ్చాను. అద్దంలో కనిపించిందేమో, “రోడ్డు చూడమ్మా,” అన్నారు.

ఇంటి ముందు కూతురు ఎదురుచూస్తోంది. స్టీరింగు దగ్గర నన్ను చూడగానే ఆవిడ మొహంలో రంగు మారింది. “ఏం తేలింది?” అంది బావగారితో.

“ఫోను బాగుందమ్మా,” అని ఆయన ఆగిపోయారు.

పెద్దాయన వెనకనుంచి దిగారు. ఎప్పట్లాగే చుట్టూ తిరిగి నాలుగు టైర్లూ తట్టారు. నా చేతిలోంచి తాళం తీసుకుని కూతురి ముందు నిలబడ్డారు.

“బండి బాగుంది. ఫోనూ బాగుంది,” అన్నారు, డ్యూటీ అప్పజెప్పే మనిషి గొంతుతో. “డ్రైవరు మారాలి.”

తాళం లాక్కుంటానని మా షాపులో ఎగిరిన ఆ పిల్లకి ఇప్పుడు చెయ్యి ముందుకి రాలేదు. “నాన్నా…” అని మాత్రం అంది. ఆయనే తాళం ఆవిడ అరచేతిలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే మూశారు. వరండాలో తల్లి కళ్లొత్తుకుంటూ లేచి నిలబడింది. ఆవిడకి ఎవరూ ఏమీ వివరించలేదు. ఆవిడ అడగనూ లేదు.

ఆవిణ్ణి మెల్లగా నడిపించి కార్లో కూర్చోబెట్టారు. పెద్దాయన తనూ వెనకే ఎక్కబోయారు. కూతురు గబగబా వచ్చి ఆయన భుజం పట్టుకుంది.

“వెనకెందుకు నాన్నా? ముందు కూర్చో. నాకు ఆస్పత్రి దారి తెలీదు, నువ్వే చెప్పాలి.”

పచ్చి అబద్ధం. ఎదురుగా తెర మీద దారి మొత్తం నీలం గీతలా పరుచుకుని ఉంది. పెద్దాయన అనుమానంగా మా బావగారి వైపు చూశారు, ఈయన అబద్ధం చెప్పరని అప్పటికి తెలిసిపోయింది కాబట్టి.

“అవునండీ,” అన్నారు మా బావగారు. “మీరు ముందే కూర్చోవాలి.”