బొట్టు పెట్టిన బేస్‌బాల్ కార్డు

ఎనభైల్లో, నా చిన్నప్పుడు, దసరా పూజలో పుస్తకాలతో పాటు ఆటగాళ్ల ఫొటోలుండే నా బేస్‌బాల్ కార్డులూ పెట్టాను. అమ్మ అన్నిటికీ పెట్టినట్టే పైనున్న కార్డుకీ కుంకుమ పెట్టేసింది, నా అభిమాన ఆటగాడి టోపీ కింద, సరిగ్గా నుదుటి మీద! ఆ రోజు ఏడ్చి అన్నం మానేశాను. మరక లేని అదే కార్డు కోసం ఇన్నేళ్లూ వెతుకుతూనే ఉన్నాను.

ఈ రోజు షాంటిలీలో, పాత కార్డులు అమ్మే కార్డ్ షోలో దొరికింది, ప్లాస్టిక్ కేసులో సీల్ చేసి. మురిసిపోతూ అమ్మకు చూపించాను.

"కొత్తదా? ఆ ప్లాస్టిక్ తియ్యి, బొట్టు పెడతా."

"ఓపెన్ చేస్తే వాల్యూ పోతుందమ్మా!"

"మరి దాంతో ఎలా ఆడుకుంటావురా?"

కేసు మీదే పెట్టించాను. తర్వాత తుడిచేద్దామనుకున్నాను కానీ చేతులు రాలేదు. మీ ఇంట్లో అమ్మ బొట్టును తప్పించుకున్న వస్తువు ఒక్కటైనా ఉందా?