అరికాళ్ళ పొక్కులు

మా నాయనమ్మ ఎలీసమ్మ రాజోలు చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై ఏళ్ళు మంత్రసాని పని చేసింది. పెద్ద రైతుల ఇళ్ళకి పెరటి దారినే వెళ్ళేది, పురుడు పోసి ఆ దారినే వచ్చేసేది. నొప్పులు పడుతున్నంతసేపూ ఆమె మాట వేదవాక్కు. బిడ్డ కేరుమన్నాక ఆమె మళ్ళీ అంటరానిదే.

వీరాయమ్మగారి కోడలు కనకరత్నానికి యుద్ధం రోజుల్లో వరసగా ముగ్గురు బిడ్డలు పోయారు. మూడోవాణ్ణయినా దక్కించుకోవాలని, పుట్టగానే నాయనమ్మ చేతికిచ్చేసి, చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కున్నారు. తవిటయ్య అని పేరు పెట్టారు. తొమ్మిదో రోజుకి వాడూ పోయాడు. తవుడుతో రోగాలు తగ్గితే ఇంక వైద్యులెందుకు?

వాడి అరికాళ్ళ నిండా నీటిపొక్కులు. వయసులో ఉండగా మిషను ఆసుపత్రిలో ఆయాగా చేసిన నాయనమ్మకి అవేమిటో తెలుసు. మొగుడు బయట తిరిగి తెచ్చుకుని పెళ్ళానికి అంటిస్తే, కడుపులో బిడ్డకి పాకే సవాయి రోగం. మగవాడికొస్తే వేడి చేసిందనేవారు. ఆడదాని బిడ్డ పోతే మాత్రం పూర్వజన్మ పాపం.

యుద్ధం ముగిసిన రెండేళ్ళకి కనకరత్నం మళ్ళీ నెల తప్పింది. నాయనమ్మ తెగించి పెరట్లో వీరాయమ్మగారితో చెప్పింది.

"అబ్బాయిగారికి సుస్తీ ఉందండి. కాకినాడలో పెన్సిలిన్ సూదులు ఏత్తన్నారంట. ఇద్దరూ ఏయించుకుంటే ఈ బిడ్డ దక్కుద్దండి."

"ఈ మాట కోడలి చెవిన పడిందంటే, మీరు దున్నుకునే చేను మీది కాదు" అన్నారు వీరాయమ్మగారు నెమ్మదిగా.

కొడుక్కి మాత్రం చెప్పారు. రామ్మూర్తిగారు ఒక్కరే కాకినాడ వెళ్ళి, సూదులు వేయించుకుని బాగుపడ్డారు. పెళ్ళాన్ని తీసుకెళ్తే ఎందుకో చెప్పాలి. చెప్పడానికి సిగ్గు. తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. నాలుగో బిడ్డా పొక్కులతోనే పుట్టి పోయింది.

మరుసటేడు ఆయనకి మళ్ళీ పెళ్ళి చేశారు. కొత్త కోడలు ఏడాది తిరక్కుండా పండంటి మగపిల్లాణ్ణి కన్నది. దోషం కనకరత్నానిదేనని ఊరంతా తేల్చేసింది.

ఆ పురుడూ నాయనమ్మే పోసింది. వేణ్ణీళ్ళు తోడి తెచ్చింది కనకరత్నమే. గుమ్మంలో వీరాయమ్మగారు నిలబడి ఉన్నారు.

"అయితే నా ఒంట్లోనే ఏదో ఉందన్నమాట. అంతేనా ఎలీసమ్మా?" అని అడిగింది కనకరత్నం.

నాయనమ్మ ఒకసారి గుమ్మం వైపు చూసింది. ఇంటి దగ్గర ఆమెకి నలుగురు పిల్లలు.

"ఆయ్, అంతేనండి" అంది.