అద్దంలో పడని అబ్బాయి

ఈ రోజుల్లో బొమ్మల కథకి నలుపు నింపడం ఒక పనే కాదు. యంత్రం మీద వేలితో ఒకచోట తాకితే చాలు, రక్తపిశాచి కోటూ, బోర్డింగు స్కూలు చీకటి వసారా, పైకప్పు మీద గబ్బిలాలూ రెప్పపాటులో నల్లబడిపోతాయి. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, శుభ్రంగానే ఉంటుంది. మసక్క మాత్రం ఆ నలుపుని చూసి మూతి ముడుస్తుంది. అందులో చెయ్యి లేదంటుంది. ఆవిడ కుంచెతో నింపిన పాత పేజీ ఒకటి పక్కన పెట్టి చూస్తే, ఆ మాట నిజమేననిపిస్తుంది.

మసక్క అన్నది తల్లి పెట్టిన పేరు కాదు. బొమ్మల మేడం దగ్గర పనిలో చేరిన కొత్తలో, ఇంకు వేళ్లతో చెంప గోక్కుని, ఆ మరకతోనే బస్సెక్కి ఇంటికి పోయిందట. మర్నాటికల్లా చుక్కలాయన ఆ పేరు పెట్టేశాడు. చుక్కలాయనంటే చుక్కల కాగితాన్ని బ్లేడుతో కోసి, బొమ్మలో బూడిదరంగు కావలసిన చోటల్లా అంటించే మనిషి. ఆయన అసలు పేరూ ఎవరికీ గుర్తులేదు కాబట్టి లెక్క సరిపోయింది.

అప్పట్లో వాళ్లది కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం పైన ఒకటే గది. కిటికీ దగ్గర మేడం బల్ల, మధ్యలో మసక్కది, తలుపు పక్కన చుక్కలాయనది. ఆయన రేడియో పెట్టుకుంటే మేడం విసుక్కునేది, తీసేస్తే గది బావురుమంటోందని మళ్లీ విసుక్కునేది. ఆవిడకి కోపం ముక్కు మీదే ఉండేది. ఆ గదిలోంచి వారం వారం ఒక పత్రికకి మాంగా కథ, అంటే జపాను తరహా బొమ్మల కథ, వెళ్లేది. పాత బోర్డింగు స్కూలు, దాని గంటగోపురంలో వయసు పెరగని ఒక పాలిపోయిన అబ్బాయి, వాడికి కోరలు, ఆ కోరల సంగతి తెలిసీ వాడికి మనసిచ్చిన ఒక విద్యార్థిని. ఆడపిల్లలు ఆ కథంటే చెవి కోసుకునేవారు. ఇంట్లో పెద్దవాళ్లు లాక్కుని అవతల పారేసి, తర్వాత తీరిగ్గా తామే చదువుకునేవారు.

మేడం మనుషుల్ని మాత్రమే గీసేది. ఆ తర్వాత పేజీ మసక్క బల్ల మీదికి వచ్చేది. గోడలు, మెట్లు, కిటికీలు, నలుపంతా ఆవిడ వంతు. రెండే కట్టుబాట్లు. మొహం జోలికి పోకూడదు. అబ్బాయి నీడ అద్దంలో గానీ గాజులో గానీ పడకూడదు, ఎందుకంటే రక్తపిశాచులకి అది ఉండదు. వాడితోపాటు పదిమంది కిటికీ ముందు నిలబడితే అందరి నీడలూ లేతగా గీసి, వాడి చోటు ఖాళీగా వదిలెయ్యాలి. మసక్క ఎన్నడూ పొరపాటు పడలేదు.

అసలు ఆవిడకి ఆ పని దొరికిందే ఒక మెట్ల వరస వల్ల. ఏదన్నా గీసి చూపించమంటే, అరిగి గుంటపడిన మెట్లు గీసింది. అవి తను చదివిన బోర్డింగు స్కూలువి. తల్లి పోయాక, లారీ మీద ఊళ్లు తిరిగే తండ్రి ఆ పిల్లని పాలపళ్లు ఊడే వయసులోనే అక్కడ చేర్చాడు. చన్నీళ్ల స్నానం, ఉప్పులేని ఉడికిన దుంపలు, దుప్పటి నాదంటే నాదని కొట్లాటలు. అక్కడున్నన్నాళ్లూ ఎప్పుడు బయటపడదామా అని ఏడ్చిన పిల్ల, బయటపడ్డాక ఆ గోడల్నే ఇటుక ఇటుకా మళ్లీ కట్టింది. గొడుగులు పెట్టే మూల, తాళం పడని పియానో గది, కిర్రుమనే తలుపు. ఊరి పిల్లలందరూ ఆ స్కూల్లో చేరిపోవాలని కలలు కంటూ ఉంటే మసక్క తనలో తను నవ్వుకునేది. దుంపలు తింటే తెలుస్తుంది అనేది. కానీ ఆ గోడలు గీసే పూట ఆవిడ మొహం చూడాలి, పుట్టింటికి పోయినట్టు వెలిగిపోయేది.

అలాంటి మసక్కే కొంప ముంచింది.

కథలో సెలవులొచ్చాయి. పిల్లలంతా ఇళ్లకి పోయారు, మనసిచ్చిన పిల్లా పోయింది. సాయంత్రం వేళ భోజనాల హాల్లో పొడుగు బల్ల దగ్గర అబ్బాయి ఒక్కడే కూర్చుని ఉంటాడు. ఎదురుగా పెద్ద కిటికీ. మసక్క ఆ బొమ్మని ముచ్చటపడి పూర్తిచేసింది, పేజీ అచ్చుకి వెళ్లింది. పత్రిక వచ్చాక ఉత్తరాలు వచ్చిపడ్డాయి, సంచులు సంచులు. గాజులో వాడి నీడ కనపడింది, వాడు మనిషైపోతున్నాడా అని కొందరు సంబరం. మీ కథకి ఒక కట్టుబాటు లేదా అని కొందరు తిట్లు. మేడం భూతద్దం పెట్టి చూసింది. నిజమే. కిటికీ గాజులో గోరంత బొమ్మ, ఒక తల, రెండు భుజాలు.

సంపాదకుడు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. మా కథలో కంటే పత్రికాఫీసులోనే అసలు రక్తపిశాచి ఉన్నాడని చుక్కలాయన అనేది ఈయన గురించే. వచ్చే సంచికలో క్షమాపణ వెయ్యాలి, ఆ నిర్వాకం చేసిన మనిషిని తీసెయ్యాలి, లేదంటే కథ ఆపేస్తానన్నాడు. మేడం ఆయన్ని కింద దుకాణంలో కూర్చోమంది.

మసక్కకి జీతం సంగతి తర్వాత, చెయ్యి ఉన్నవాళ్లకి ఎక్కడో ఒకచోట పని దొరుకుతుంది. కానీ ఆ గదిలోంచి పంపేస్తే తనకంటూ ఇక ఏ ఇల్లూ లేదు. తండ్రి పోయాడు, పెళ్లి మాట ఎత్తేవాళ్లు లేరు. ఉన్నదల్లా మధ్య బల్లా, దాని మీద తను కట్టుకున్న స్కూలూ.

"ఎందుకు వేశావ్?" అంది మేడం. అరుస్తుందనుకుంటే అరవలేదు, దాంతో ఇంకా భయం వేసింది.

"తెలీదు మేడం. నేను చూసుకునేలోపే చెయ్యి వేసేసింది." మళ్లీ తనే చెప్పింది. "సెలవులకి అందరూ వెళ్లిపోయేవాళ్లండీ. మా నాన్న ఏ ఊళ్లో ఉండేవాడో. అంత హాల్లో నేనొక్కదాన్నే తినేదాన్ని. ఎదురుగా కిటికీలో ఇంకో పిల్ల కూర్చుని తినేది. నేనేననుకోండి. అయినా తోడుండేది కదా. మీరు వాణ్ణి సరిగ్గా అక్కడ ఒంటరిగా కూర్చోబెట్టారు. ఆ గాజు ఖాళీగా వదలడానికి నాకు మనసొప్పలేదు."

చుక్కలాయన బ్లేడు కింద పెట్టాడు. మేడం మళ్లీ భూతద్దం తీసుకుని ఆ గోరంత బొమ్మని చాలాసేపు చూసింది.

"నీకప్పుడు రెండు జడలా, ఒకటా?"

మసక్కకి అర్థం కాలేదు. "రెండండీ. కుడివైపుది ఎప్పుడూ వదులే. వార్డెనమ్మకి ఓపిక ఉండేది కాదు."

మేడం మెట్ల దగ్గరికి వెళ్లి సంపాదకుణ్ణి కేకేసి పైకి పిలిచింది. "అది వాడి నీడ కాదండీ. కిటికీ అవతల నిలబడి లోపలికి చూస్తున్న పిల్ల. వచ్చే వారం లోపలికి వస్తుంది. క్షమాపణ ఎవరు ఎవరికి చెప్పాలి?"

ఆయన కాసేపు నసిగాడు. ఆ పిల్ల ఎవరా అని జనం పత్రిక కోసం ఎగబడతారని తట్టాక, ముందునుంచీ తను అనుకున్నదీ అదేనంటూ దిగిపోయాడు.

ఆ వారం పేజీ ఎప్పటిలాగే మధ్య బల్ల మీదికి వచ్చింది. అదే హాలు, అదే పొడుగు బల్ల. రెండు జడల చిన్నపిల్ల ఒకతె లోపలికి వచ్చి, కోరల అబ్బాయి ఎదురుగా మోచేతులు ఆనించి కూర్చుంది. కుడి జడ వదులుగా ఉంది. వాడు తన కంచాన్ని ఆ పిల్ల వైపు జరుపుతున్నాడు. మొహాలు, చేతులు అన్నీ మేడం గీసేసింది, జుట్టు నలుపు మాత్రం మామూలుగానే మసక్క వంతుకి వదిలేసింది.

మసక్క కుంచె ముంచింది గానీ కళ్లకి ఏమీ ఆనలేదు. పైటచెంగుతో తుడుచుకుని, చెంపలకి ఎప్పటిలాగే మసి పూసుకుని, ఎడమ జడ నింపింది. తర్వాత కుడి జడ, మెల్లగా, ఎవరో ఓపిగ్గా మళ్లీ అల్లుతున్నట్టు. ఇన్నేళ్లూ ఆ హాల్లో ఆ పిల్లకి ఎదురుగా కూర్చున్నది ఒట్టి గాజే. ఇవాళ ఒకడు కూర్చున్నాడు. వాడికి కోరలుంటే ఉండనీ.