ఎడమ మోకాలికి వావిలాకు మందు

మాది బాప్టిస్టు సంఘం. ఇంట్లో సారా చుక్క ఉండకూడదు. అయినా మా వీధిలో ప్రతి గడ్డివాములోనూ ఒక సీసా దాగి ఉండేది. అందరికీ తెలుసు, ఎవరూ ఎరగరు. నీడన ఆరిన వావిలాకు నలిపి, ఇప్పసారాలో నానబెట్టి, సీసా మూతికి గుడ్డ కట్టి ఆ గడ్డి వెచ్చదనంలో ఉంచేవాళ్లం. ఆకు పసరంతా సారాలోకి దిగాక వడకట్టుకోవడమే. కీళ్లనొప్పులకి అంతకు మించింది లేదని ఉద్దానంలో ఎవర్నడిగినా చెబుతారు. లోపలికి పుచ్చుకుంటే పాపం, పైన రాసుకుంటే వైద్యం. పాస్టరుగారు ప్రార్థనకి మోకరిస్తే ఆయన దగ్గరా అదే వాసన. చాడీ కాదు, ఉన్నమాటే చెబుతున్నాను.

మా ఇంట్లో మందు నానబెట్టేదీ, రాసేదీ నా భర్త. మేనమామ కొడుకు, వరసకి బావే అయినా చిన్నప్పటి నుంచీ మావా అనే పిలిచాను. పలాసలో రోజంతా కూర్చుని జీడిపిక్కలు కొట్టీ కొట్టీ నా మోకాళ్లు పాడయ్యాయి. సాయంత్రం నేను ఇంటికి రాగానే నా కాళ్లు ఒళ్లో పెట్టుకుని రుద్దేవాడు. కొబ్బరిచెట్లెక్కిన అరచేతులు, ఒకటే గరుకు. నెమ్మది, తోలు ఊడిపోతాదని నేను కసిరితే, నవ్వి ఇంకాస్త గట్టిగా రుద్దేవాడు. అబ్బ, ఏం సుఖమది! ఆ చేతుల కోసం ఇప్పటికీ నా ప్రాణం కొట్టుకుంటుంది.

ఊళ్లో ఎందరికో వచ్చిన కిడ్నీ జబ్బు ఆయనకీ వచ్చింది. పలాసలో డయాలసిస్ మొదలుపెట్టారు. నాటుమందులేవీ ముట్టొద్దని డాక్టరుగారు చెబితే, తన ఒంటికి ముట్టించుకోలేదు. నాకు రాయడం మాత్రం మానలేదు.

ఒక సాయంత్రం ముసురుపట్టి నా మోకాళ్లు రెండూ ఒకటే లాగుతున్నాయి. ఆయన ఎడమచేతికి సూదులు గుచ్చుతారు, దానిమీద బరువు పడకూడదు. కుడిచేత్తోనే నా కుడి మోకాలు రుద్దాడు. అంతలోనే ఆయాసం వచ్చింది. చాలు మావా, పడుకో అన్నాను.

"రెండోది రేపు పలాస నుంచొచ్చాక రాత్తానే. దాన్నలాగే ఉంచు," అన్నాడు.

మర్నాడు ఆసుపత్రిలోనే పోయాడు.

ఇప్పుడు మా కోడలు మందు రాస్తోంది. బాగానే రాస్తుంది, పేరు పెట్టడానికి లేదు. "రాత్తానత్తా, కాళ్లు సాపు," అంటూ వచ్చి కూర్చుంటుంది. నేను కుడికాలు చాపుతాను. ఎడమది నొప్పి లేదా అని అడిగితే లేదంటాను.

నొప్పే. పొద్దున్న లేచి నేలమీద ఆనించలేనంత నొప్పి. అయినా దాన్నలాగే ఉంచాను.